చెట్టు మట్టి తిని పెరిగితే కింద గొయ్యి ఎందుకు పడదు?

మీ ప్రశ్న రాత్రే చూశాను, కానీ ఫోన్లో ఇంత టైపు చేసే ఓపిక లేక పొద్దున్నే టీ తాగి కూర్చున్నాను. ఏడో తరగతి చదివే మీ పాప పెరట్లో వేప చెట్టు చూపించి "ఇది మట్టి తిని ఇంత పెరిగితే దీని కింద పెద్ద గొయ్యి పడాలి కదా నాన్నా" అంది. మీరు "మట్టిలో సారం తీసుకుంటుందమ్మా" అని దాటేశారు, పాప ఒప్పుకోలేదు. దానికి తోడు రాత్రి చెట్టు కింద పడుకోవద్దని మీ అమ్మగారు, రావి చెట్టు ఇరవై నాలుగు గంటలూ ఆక్సిజన్ ఇస్తుందని వాట్సాప్. ఇందులో ఏది నిజం, పాపకు ఎలా చెప్పాలి, ఇదీ మీ టెన్షన్.

ముందు పాపకు నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండి. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో బయాలజీ చెప్పి రిటైరయ్యాను, ఈ ప్రశ్న తమంతట తాము అడిగిన పిల్లలు ఆరేడుగురికి మించరు. మిగతా వాళ్లంతా కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం తడుముకోకుండా అప్పజెప్పేవాళ్లు, సమీకరణం తప్పు లేకుండా రాసేవాళ్లు, మార్కులు తెచ్చుకునేవాళ్లు. వాళ్లనే బయటికి తీసుకెళ్లి గేటు పక్కన చింత మాను మీద చెయ్యి వేయించి "ఈ కర్ర అంతా ఎక్కడి నుంచి వచ్చిందిరా" అంటే మాత్రం "మట్టిలోంచి సార్" అని కోరస్. బోర్డు మీద సమీకరణం ఒక లోకం, గేటు దగ్గర చింత చెట్టు ఇంకో లోకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా బుర్రలో కూడా ఆ రెండూ కలవలేదు, దాచుకోవడం ఎందుకు.

జవాబు ఇది. చెట్టు కర్ర ప్రధానంగా గాలిలోంచి వచ్చింది. ఆ తర్వాత నీళ్లలోంచి. మట్టి వాటా చిటికెడు. మీ పాప లెక్క కరెక్టు, గొయ్యి పడలేదంటే చెట్టు మట్టిని తినలేదనే అర్థం.

ఇది నమ్మాలంటే పుస్తకం కన్నా కట్టెల పొయ్యి మేలు. మీ ఊళ్లో ఎవరింట్లోనైనా స్నానాల నీళ్లు కాచే పొయ్యి ఉంటే దాన్ని శుభ్రంగా ఊడ్చి, బాగా ఎండిన తుమ్మ కట్టెలు ఐదు కిలోలు తూచి పెట్టండి. బొగ్గులు కూడా మిగలకుండా పూర్తిగా కాలనివ్వండి, మర్నాడు చల్లారాక బూడిద ఎత్తి తూచండి. గుప్పెడుంటుంది, అటూ ఇటూగా వంద గ్రాములు. చెట్టు నేలలోంచి తీసుకున్న కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం వగైరా అంతా ఆ గుప్పెట్లో ఉంది (నత్రజని మాత్రం పొగతో పోతుంది, అది కూడా కర్రలో కొంచెమే). మిగతా నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాములు ఏమయ్యాయి? పొగగొట్టంలోంచి వెళ్లిపోయాయి. ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడికే. మా అమ్మ ఆ బూడిద పారేయకుండా తోటకూర మడిలో చల్లేది, ఆవిడకు కెమిస్ట్రీ రాదు గానీ నేలది నేలకు ఇవ్వాలని మాత్రం తెలుసు.

ఇక్కడ మన పాత పాఠ్యపుస్తకాల మాట ఒకటి గుర్తు చేసుకోవాలి. ఇప్పుడందరూ కార్బన్ డయాక్సైడ్ అంటున్నారు, మా చిన్నప్పుడు దాన్ని బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లు. పిల్లలు నవ్వుతారు గానీ ఆ పేరులోనే పాఠం ఉంది. బొగ్గు ఉన్న వాయువు, నీళ్లలో కలిస్తే పులుపెక్కే వాయువు. గోలీ సోడా కొట్టగానే నాలుక మీద చురుక్కుమనేది అదే. కంటికి కనపడని ఈ గాలిలో బొగ్గు ఉందని పేరే చెప్తుంటే, కర్రను గాలాడకుండా కాలిస్తే నల్లటి బొగ్గు బయటపడుతుందని మన కళ్లే చెప్తుంటే, ఈ రెండిటి మధ్య ఉన్నది ఆకు. ఆకు అడుగున కంటికి కనపడని పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి, ఆ వాయువు లోపలికి వెళ్తుంది, వేళ్ల నుంచి నీళ్లు వస్తాయి, పత్రహరితం ఎండను పట్టుకుంటుంది, ఆ శక్తితో చక్కెర తయారవుతుంది. ఆ చక్కెరనే చెట్టు దండలా గుచ్చుకుంటూ పోతే ఒక రకంగా గుచ్చితే పిండి, ఇంకో రకంగా గుచ్చితే పీచు. బియ్యంలో పిండి, పత్తిలో నార, తుమ్మ మొద్దులో కర్ర, అన్నిటికీ మూలం ఒకటే చక్కెర.

పాప ఇంకో అడుగు ముందుకేసి "గాలికి బరువే లేదు కదా, ఇంత బరువు ఎలా వస్తుంది" అంటుంది, తప్పకుండా అంటుంది. అప్పుడు ఈ లెక్క వేయించండి. ఎండిన కర్రలో దాదాపు సగం కార్బన్. అంటే కిలో కర్రలో అర కిలో. 12 పాళ్ల కార్బన్ కావాలంటే 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ కావాలి కాబట్టి అర కిలోకు రమారమి 1.8 కిలోల వాయువు పట్టాలి. ఇప్పుడు మీ ఇంట్లో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది ఒకటి తీసుకోండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లలో నాలుగు పాళ్ల పైచిలుకు మాత్రమే, ఆ గది మొత్తం మీద ఉండేది ఇరవై గ్రాములకు కాస్త ఎక్కువ. అంటే ఒక్క కిలో కట్టె తయారవ్వాలంటే ఎనభై అయిదు గదుల గాలిలో ఉన్నదంతా ఊడ్చుకోవాలి! చెట్టు అన్ని ఆకులు ఎందుకు వేస్తుందో, వాటిని అంత పల్చగా, వెడల్పుగా ఎందుకు పరుస్తుందో ఈ లెక్క వేసిన రోజే నాకు అర్థమైంది. పాపం దాని తిండి అంత పల్చన మరి.

నాలుగు వందల ఏళ్ల కింద బ్రస్సెల్స్‌లో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు సరిగ్గా మీ పాప ప్రశ్ననే పట్టుకున్నాడు. పొయ్యిలో ఎండబెట్టిన మట్టి 200 పౌన్లు తూచి కుండలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు, దుమ్ము పడకుండా చిల్లులున్న రేకు మూత పెట్టాడు, వాన నీళ్లు పోస్తూ 5 ఏళ్లు ఆగాడు. ఐదేళ్లకు చెట్టు 169 పౌన్ల పైన తూగింది. మట్టి మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులు, మన లెక్కలో అరవై గ్రాములు కూడా లేదు. కాబట్టి చెట్టంతా నీళ్లతోనే తయారైందని తేల్చేశాడు. ఆయన చనిపోయాక 1648లో కొడుకు వేయించిన పుస్తకంలో ఈ సంగతి ఉంది. మట్టి కాదన్న ముక్క కరెక్టు, నీళ్లే అన్న ముక్క సగమే కరెక్టు. తమాషా ఏంటంటే 'గ్యాస్' అనే మాటను పుట్టించింది ఈయనే. 62 పౌన్ల బొగ్గు కాల్చి, ఒక్క పౌను బూడిద మిగిలిందని, మిగతాది కనపడని వాయువుగా పోయిందని రాసింది కూడా ఈయనే. బొగ్గు గాలిగా మారడం చూశాడు, గాలి చెట్టుగా మారడం మాత్రం తన కుండలోనే ఐదేళ్లు జరుగుతున్నా తట్టలేదు. అంత పెద్దాయనకే తట్టలేదు కాబట్టి మీకు తట్టలేదని సిగ్గుపడే పని లేదు. ఆ ముడి విప్పడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది. 1782లో సెనెబియర్ ఈ వాయువు లేకపోతే ఆకు పని చేయదని చూపించాడు, 1804లో సొస్యూర్ తూకాలు వేసి మరీ గాలి వాటా, నీటి వాటా రెండూ ఉన్నాయని తేల్చాడు.

బూడిద పాఠంలో నాకు ఒకసారి మంచి దెబ్బ తగిలింది, అది కూడా చెప్పాలి. వందకు ఒకటి రెండు పాళ్లే బూడిద అని ధీమాగా క్లాసులో చెప్పేసి బోర్డు తుడుస్తుంటే వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి "మా నాన్న రైస్ మిల్లులో పనిచేస్తాడు సార్, ఊక కాలిస్తే బూడిద కుప్పలు కుప్పలు వస్తది, బండ్ల మీద తోలుతరు" అన్నాడు. నాకు నోట మాట లేదు. రేపు చెప్తానని తప్పించుకుని ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే వాడిదే రైటు. వరి ఊకలో అయిదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. వరి మొక్క నేలలోంచి సిలికాను నీళ్లతో పాటు పీల్చి ఆకుల్లో, పొట్టులో దట్టించుకుంటుంది. కలుపు తీసేటప్పుడు వరి ఆకు చేతికి సన్నగా గీరుకుని మండుతుంది చూశారా, ఆకు అంచుకు ఆ గరుకు వచ్చేది దీంతోనే. మర్నాడు క్లాసులో వాడిని ముందుకు పిలిచి వాడి చేతే చెప్పించాను. అప్పట్నుంచి తుమ్మ కట్టె చెప్పిన ప్రతిసారీ ఊక కూడా చెప్తున్నాను.

రైతు కుటుంబం నుంచి వచ్చిన పిల్లలైతే అడిగే ఎదురు ప్రశ్న ఒకటుంది: "మరి యూరియా వేస్తే చేను ఎందుకు పచ్చబడుతుంది?" న్యాయమైన ప్రశ్న. కూరలో ఉప్పు లేకపోతే నోట పెట్టలేం, అలాగని గిన్నెలో ఉన్నదంతా ఉప్పు కాదు. పత్రహరితం తయారవ్వాలన్నా, మాంసకృత్తులు తయారవ్వాలన్నా నత్రజని ఉండాలి, అది తక్కువైతే ఆకు పసుపెక్కి, చక్కెర వండే ఆ వంట గదే మూతపడుతుంది. యూరియా వంట గదిని తెరిపిస్తుంది, కానీ వండే సరుకు మాత్రం గాలే. మనీ ప్లాంట్ కొమ్మ సీసా నీళ్లలో పెడితే నెలల తరబడి పెరుగుతుంది కదా, అందులో మట్టి రవ్వ కూడా లేదు, నీళ్లలో కరిగిన లవణాలే దానికి చాలు. మన జనుము, జీలుగ ఇంకా ఘనులు, నత్రజని కూడా వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా సాయంతో గాలిలోంచే తెచ్చుకుంటాయి. అందుకే వాటిని పూతకు రాగానే దున్ని కలిపేస్తారు.

సరే, రాత్రి సంగతి. ఇక్కడ పెద్దలకు, వాట్సాప్‌కు, సగం మంది టీచర్లకు కూడా ఒకే చోట లెక్క తప్పుతుంది. మొక్కలు పగలు కార్బన్ డయాక్సైడ్ పీల్చి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి అని షిఫ్ట్ డ్యూటీలా చెప్పేస్తారు. కాదండీ. శ్వాసక్రియ షిఫ్టు లేని పని. వేరు, కాండం, ఆకు, పువ్వు, ప్రతి కణం రేయింబవళ్లు శ్వాసిస్తూనే ఉంటుంది, ఆగితే చచ్చిపోతుంది. వంట పని మాత్రం ఎండ ఉన్నప్పుడే. పగలు వంట జోరు ఎక్కువ కాబట్టి శ్వాస వాటా అందులో మునిగిపోయి కనపడదు, దీపాలు పెట్టే వేళకు వంట ఆగిపోతే శ్వాస ఒక్కటే మిగిలి కనపడుతుంది. 1771లో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాజు పాత్రలో పుదీనా కొమ్మ పెట్టి ఉంచితే అందులో కొవ్వొత్తి మళ్లీ వెలుగుతుందని చూపించాడు. కానీ వెలుతురు సంగతి పట్టుకున్నది 1779లో ఇంగెన్‌హౌజ్. ఒక్క ఎండాకాలంలో ఐదు వందలకు పైగా ప్రయోగాలు చేసి, పచ్చటి భాగాలు, అదీ వెలుతురులోనే, గాలిని బాగు చేస్తాయని తేల్చాడు.

అయితే రాత్రి చెట్టు కింద పడుకుంటే ఊపిరాడదా? మనిషి రోజు మొత్తం మీద దాదాపు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గదిలో నాలుగు కుండీలు పెడితే ప్రమాదమనేవాళ్లు పక్క మంచం మీద పడుకున్న బావగారిని బయటికి పంపరు కదా, ఆ కుండీలన్నీ కలిపి వదిలేది ఆయన వదిలే దానిలో ఏ మూలకూ రాదు. ఇక ఆరుబయట చెట్టు కిందైతే గాలి ఆడుతూనే ఉంటుంది, కొట్టుకుపోతుంది. మీ అమ్మగారి మాట మాత్రం కొట్టిపారేయకండి. పాములు, తేళ్లు, గొంగళి పురుగులు, గాలివానకు విరిగిపడే కొమ్మలు, కాకుల రెట్టలు, కారణాలకు కొదవ లేదు. చింత చెట్టు మీద దయ్యం ఉందని చెప్తే పిల్లలు త్వరగా ఇంటికొస్తారని కూడా పెద్దవాళ్లకు తెలుసు.

రావి చెట్టు విషయం సూటిగా చెప్తాను. వెలుతురు లేకుండా ఆక్సిజన్ వదిలే చెట్టు లేదు. రావి కాదు, తులసి కాదు, ఏదీ కాదు. కలబంద, బ్రహ్మజెముడు లాంటి కొన్ని ఎడారి రకం మొక్కలు నీళ్లు పొదుపు చేసుకోవడానికి రాత్రిపూట రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపల దాచుకుంటాయి, తెల్లారాక తలుపులు మూసుకుని దాంతో వండుకుంటాయి. రాత్రి పీల్చుకోవడం నిజమే, కానీ రాత్రి ఆక్సిజన్ ఇవ్వడం అబద్ధం. ఆ మెసేజ్ పంపినవాళ్లు ఈ రెండూ కలిపేసి ఉంటారు. ఇంకో చిన్న సవరణ, పిల్లలకు ఇది చెప్తే భలే ఆశ్చర్యపోతారు: ఆకు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి విడిపోయింది కాదు, నీళ్లలోంచి వచ్చింది. 1941లో బరువైన రకం ఆక్సిజన్‌ను గుర్తుగా పెట్టి చూసి తేల్చారు. అంటే మనం పీల్చే ప్రాణవాయువు నీళ్లను విడగొట్టి ఇచ్చింది.

మొక్క శ్వాసిస్తుందని చూపించడానికి నేను చేయించిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది పెసలతో చేసేది. కంసాలి దుకాణంలో త్రాసు అడిగి తూచుకున్నాం. యాభై గ్రాముల పెసలు రెండు పొట్లాలు. ఒక పొట్లం అలాగే ఉంచాం. రెండోది నానబెట్టి, తడి గుడ్డలో మూటగట్టి, మూత ఉన్న బిందెలో చీకట్లో ఐదు రోజులు. రోజూ తడపడం ఒక్కో పిల్ల వంతు. ఐదో రోజు తెరిచేసరికి తెల్లగా, పొడుగ్గా, వేళ్లంత మొలకలు బిందె నిండా! "ఎంత బరువు పెరిగుంటుంది" అని పందెం కాసుకున్నారు, ఒకమ్మాయి అయితే పావుకిలో అంది. అప్పుడు మేడ మీద గుడ్డ పరిచి మొలకలనూ, పక్కనే రెండో పొట్లంలో మామూలు పెసలనూ గలగలమనేదాకా ఎండబెట్టాం. మళ్లీ కంసాలి దగ్గరికి. మొలకలు మామూలు పెసల కన్నా ఐదారు గ్రాములు తక్కువ తూగాయి. పిల్లల మొహాలు చూడాలి! అంత పెరిగింది తగ్గడమేంటి? పెరిగిందంతా నీళ్లు. చీకట్లో వంట లేదు, గింజలో అమ్మ కట్టి ఇచ్చిన సద్దిమూటే తింటూ, శ్వాసిస్తూ ఐదు రోజులు గడిపాయి, ఆ సరుకు గాలిలోకి పోయింది (కడిగిన నీళ్లలో కూడా కొంచెం పోయి ఉంటుంది, అది ఒప్పుకోవాలి). అదే పెసలు ఎండలో మూడు నాలుగు వారాలు పెంచి ఎండబెట్టి తూచండి, ఎక్కువ తూగుతాయి. ఎండ తగిలితే బరువు, తగలకపోతే తరుగు. పాపతో ఇది చేయించండి, ఏ వీడియో చూపించినా ఇంత బలంగా నాటుకోదు.

శ్వాసక్రియ అంటే ఊపిరి పీల్చి వదలడం అనుకోవడం ఇంకో పొరపాటు. పీల్చడం వదలడం గాలి రాకపోకలే, అసలు పని కణం లోపల జరుగుతుంది, తిండిని మెల్లగా, మంట లేకుండా కాల్చి శక్తి తీసుకోవడం. ఆ శక్తిని కణాలు ఏటీపీ అనే చిల్లర నాణేలుగా మార్చుకుని ఖర్చు పెట్టుకుంటాయి. 1929లో కండరాల్లోంచి ఆ ఏటీపీని వేరు చేసిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, హార్వర్డ్‌లో ఫిస్కే దగ్గర పనిచేస్తున్నప్పుడు. పదో తరగతిలో ఏటీపీ పేరు ప్రతి పిల్లా రాస్తుంది, ఈయన పేరు ఎంతమందికి చెప్తున్నామో మరి.

ఇదే మెల్లటి మంట కంటికి కనపడాలంటే చలికాలం పొద్దున్నే ఊరి చివర పెంట కుప్ప దగ్గరికి తీసుకెళ్లండి. గడ్డపారతో కొంచెం కదిపితే పొగలాగా ఆవిరి లేస్తుంది, కాస్త లోపలికి చెయ్యి పోనిస్తే వెచ్చగా ఉంటుంది. పేడను, గడ్డిని సూక్ష్మజీవులు తింటూ శ్వాసిస్తున్న వేడి అది. దసరాకు మనిషెత్తున ఉన్న కుప్ప ఎండాకాలం బండ్లకు ఎత్తే నాటికి సగమవుతుంది, దొంగలెత్తుకుపోలేదు, గాలిలో కలిసింది. మనిషైనా అంతే. పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లను అడగండి, కరిగిన కొవ్వు ఎటు పోయిందని. చెమటగా అంటారు, శక్తిగా మారిందంటారు. పది కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ముక్కులోంచి పోతుంది, మిగతా 1.6 కిలోలు నీళ్లు.

మరి చెట్టు కాలకుండా, కుళ్లకుండా ఉంటే? అది మా జిల్లాలో ఉంది, సింగరేణి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించాడు. ఆ బొగ్గు పాతిక, ముప్పై కోట్ల ఏళ్ల కిందటి అడవి. అప్పటికి ఇండియా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా అతుక్కుని ఒకే నేలగా ఉండేవి, దానికి గోండ్వానా అని పేరు, మన గోండుల నేల పేరే. నాలుక ఆకారంలో ఆకులుండే గ్లాసోప్టెరిస్ చెట్లు అక్కడ దట్టంగా పెరిగాయి. చచ్చిన చెట్లు బురదలో కూరుకుపోయి, ఆక్సిజన్ అందక, సూక్ష్మజీవులు పూర్తిగా తినలేక, పైన మేట మీద మేట పడి నొక్కుకుపోయి బొగ్గయ్యాయి. ఆ ఆకుల ముద్రలు మన బొగ్గు గనుల రాళ్లలో దొరుకుతాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా మోసిన రాళ్లలోనూ అవే ముద్రలు. మన బొగ్గులో బూడిద ఎక్కువని, వందకు ముప్పై పాళ్లు దాటుతుందని విని ఉంటారు, అది చెట్టు తిన్న మట్టి కాదు, ఏటి నీళ్లు చెట్లతో పాటు తెచ్చి కలిపిన మట్టి. ఇక ఆ బొగ్గు కాల్చినప్పుడు అప్పటి ఆకులు పీల్చుకున్న వాయువు ఇప్పుడు బయటికొస్తోంది. 1958లో హవాయిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షలకు 315 పాళ్లున్నది ఇప్పుడు 420 దాటింది. కోట్ల ఏళ్లలో కూడబెట్టింది నాలుగు తరాల్లో తీసేస్తే మరి పెరగక ఏమవుతుంది.

పాపకు ఎలా చెప్పాలన్నారు కదా, చెప్పకండి, ఈ రాత్రికి ఒక పని చేయించండి. కిళ్లీ కొట్టులో తాంబూలం సున్నం ఒక పొట్లం తెచ్చి, గ్లాసెడు నీళ్లలో చెంచాడు కలిపి, మూత పెట్టి కదపకుండా ఉంచండి. సున్నం అడుగుకు దిగి పైన తేరుకున్న నీళ్లను మెల్లగా వంపుకోండి, అదే సున్నపు తేట. కళ్లలో పడనివ్వకండి, మండుతుంది, పొరపాటున కూడా తాగనివ్వకండి. కొంచెం తేటలో స్ట్రా పెట్టి ఊదమనండి (పీల్చొద్దని రెండుసార్లు చెప్పండి), పాలలాగా తెల్లబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే సున్నపు తేట తెల్లబడుతుంది, అది పాప ఊపిరి. ఇంకొంచెం తేటను సీసాలో పోసి, మొలకెత్తిన పెసల మూటను దారంతో తేటకు తగలకుండా వేలాడగట్టి బిరడా బిగించండి, తెల్లారేసరికి అదీ తెల్లబడుతుంది, అది పెసల ఊపిరి. మిగిలిన తేటను వెడల్పాటి పళ్లెంలో పోసి, మూత పెట్టకుండా, ఎవరూ ఊదకుండా, కిటికీ దగ్గర వదిలేయండి. పొద్దున్నే చూస్తే పైన పల్చటి తెల్లటి పొర, పాల మీద మీగడలా కట్టి ఉంటుంది, వేలితో తాకితే పెళుసుగా పలుకులు పలుకులుగా విరుగుతుంది. దాన్ని చూపించి "ఇది ఎవరూ ఊదలేదు కదా, ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగి, పెరట్లో వేప చెట్టు వైపు చూడమనండి.